కాటుక సరే, లైనర్ వద్దా?

“కాటుక మేకప్ కాదు, లైనర్ మాత్రం మేకప్పా? అదెలా అమ్మా?” అంది మా పదమూడేళ్లది. ఫంక్షన్ అనగానే కాటుక పెట్టుకోమని వెంటపడేదీ నేనే, స్కూలుకి ఐలైనర్ పెట్టుకుంటానంటే “ఈ వయసులో ఎందుకే” అనేదీ నేనే. దానికి కాటుక వద్దు, లైనర్ కావాలి. నాకు సరిగ్గా తిరగేసి. వాళ్ల నాన్నకి ఈ రెండూ కనిపించవు కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

పోనీ వస్తువును బట్టి చూద్దామన్నా నా వాదన నిలవదు. మామూలుగా దొరికే కాటుక పెన్సిల్లోనూ లైనర్ పెన్సిల్లోనూ ఉండేది మైనం, నూనె, నల్ల రంగు. ఆ నలుపు ఐరన్ ఆక్సైడో, కార్బన్ బ్లాకో అయి ఉంటుంది. కాటుక మెత్తగా జారుతుంది, ఒంటి వేడికి కరుగుతుంది. లిక్విడ్ లైనర్ ఆరాక పల్చటి పొరలా పట్టుకుంటుంది. అసలు తేడా పెట్టే చోటులో ఉంది. లైనర్ గీసేది రెప్ప వెంట్రుకల పైన, చర్మం మీద. కాటుక పెట్టేది వెంట్రుకలకు లోపల, తడిగా ఉండే అంచు మీద. కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడే నూనె గ్రంథుల నోళ్లు వరసగా ఉండేది అక్కడే. రోజూ పూస్తుంటే అవి మూసుకుపోయి కళ్లు పొడిబారొచ్చు, మండొచ్చు, రెప్ప మీద కురుపులూ లేవొచ్చు. రంగు కన్నీటిలో కలిసి కంట్లోకి పోతుంది, కాంటాక్ట్ లెన్సుకి అంటుకుంటుంది. కంటి డాక్టర్ ముందు పంచాయితీ పెడితే ఓడిపోయేది నేనే.

పైగా సీసం గొడవ ఒకటి. కోల్, సుర్మా పేర్లతో అమ్మేవాటిలో కొన్ని సీసం ఉండే లెడ్ సల్ఫైడ్‌తో చేసినవి. ఇక్కడ అమెరికాలో మందుల, మేకప్ సామాన్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన రంగుల జాబితాలో కోల్ లేదు. కార్బన్ బ్లాక్‌కి లైనర్, మస్కారాల్లో వాడుకోవడానికి 2004లో అనుమతి వచ్చింది. కాబట్టి ఊరి నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన డబ్బా మీద ఏమేం కలిపారో రాసి లేకపోతే పిల్లలకి పెట్టొద్దు. ‘సహజం’ అని రాసి ఉన్నా సరే. సీసమూ భూమిలో దొరికేదే.

ఇక గీయడం. మొదటిసారే లిక్విడ్ చేతికివ్వకండి, పెన్సిల్‌తో మొదలుపెట్టించండి. నలుపు కంటే ముదురు గోధుమ రంగు మేలు, చెయ్యి వణికినా అంతగా తెలియదు. మన పిల్లల రెప్పల రంగుకి లేత గోధుమ అసలు ఆనదు, కాఫీ గింజంత ముదురు కావాలి. అద్దాన్ని గడ్డం కన్నా కిందికి పెట్టి, తల కాస్త ఎత్తి చూస్తే రెప్ప చదునుగా కనిపిస్తుంది. మోచెయ్యి బల్లకి, చిటికెనవేలు చెంపకి ఆనించాలి. గీత ఒక్క ఊపున లాగకూడదు. వెంట్రుకల మొదళ్ల మధ్య చుక్కలు పెట్టుకుంటూ పోయి, తర్వాత కలపాలి. చాలామంది కంటి కొసను వేలితో పక్కకి లాగిపట్టి గీస్తారు. వదలగానే చర్మం ముడుచుకుని గీత వంకర పోతుంది.

తోక, అంటే కంటి కొస దాటి బయటికి సాగే గీత, కావాలంటే కన్ను తెరిచి, నేరుగా అద్దంలోకి చూస్తూనే గుర్తు పెట్టుకోవాలి. కింది రెప్ప అంచుని అలాగే పైకి పొడిగిస్తే ఎటు వెళుతుందో అదే దిశ. 3 మి.మీ. చాలు. ముందు తోక, తర్వాత దాన్నుంచి లోపలికి గీత. వంకర వస్తే మొత్తం కడగక్కర్లేదు, మైసెల్లార్ వాటర్‌లో (మేకప్ తుడిచే నీళ్లలాంటి ద్రవం) ముంచిన కాటన్ బడ్‌తో అంచు చెక్కేస్తే సరి. చివర అదే రంగు ఐషాడో చిన్న బ్రష్‌తో గీత మీద అద్దితే సాయంత్రం దాకా చెదరదు.

కళ్ల కింద నల్లటి మరక వస్తే అందరూ పెన్సిల్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు అంతకుముందు రాసిన క్రీముది, సన్‌స్క్రీన్‌ది. ఆ జిడ్డు మైనాన్ని కరిగిస్తుంది. ఐదు పది నిమిషాలు ఆగి, టిష్యూతో అద్ది, పలచగా పౌడర్ తట్టాక గీయాలి.

మస్కారా బ్రష్‌ని గొట్టంలో పైకీ కిందికీ పొడవకూడదు, గాలి చేరి ఎండిపోతుంది. లోపలే తిప్పి తీయాలి. వెంట్రుకల మొదట్లో ఆనించి కాస్త అటూ ఇటూ కదిపి పైకి తేవాలి. తెరిచిన మూడు నెలలకు పారేయాలి, సగం మిగిలినా సరే. (ఇది నాకు కష్టమే. పచ్చడి జాడీ గీకి గీకి వాడే దాన్ని.) రాత్రి స్నేహితురాలింట్లో పడుకునే స్లీపోవర్‌లో ఆ అమ్మాయి మస్కారా పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. కళ్లకలక వస్తే అప్పటిదాకా వాడిన సామానంతా చెత్తబుట్టలోకే.

తుడిచేటప్పుడు ముందు లెన్సులు తీసేయాలి. రిమూవర్‌లో తడిపిన దూదిని మూసిన కన్ను మీద ఇరవై సెకన్లు ఉంచి, కిందికి తుడవాలి. వాటర్‌ప్రూఫ్‌ది నీళ్లకీ సబ్బుకీ లొంగదు, నూనె ఉన్న రిమూవరే కావాలి. రుద్దితే ఊడేది వెంట్రుకలే.

ఇంత తెలిసీ స్కూలు విషయంలో నా రూలు ఏమిటంటే, గోధుమ రంగు గీతకి ఓకే, తోకకి నో. ఆ 3 మి.మీ. బయటికి వెళితే ఏమవుతుందని అడిగింది. కళ్లకేమీ కాదు. టీచర్లు ఏమీ అనరు. ఇక మిగిలింది నేను. హైస్కూల్లో చూద్దాంలే అన్నాను. హైస్కూలు ఈ ఆగస్టులోనే.