హోమ్ లోన్ మీద టాప్-అప్ తీసుకుని ఇల్లు బాగుచేయించుకోవడం: నా అనుభవం

నడుస్తున్న హోమ్ లోన్ మీదే టాప్-అప్, అంటే అదే ఇంటి మీద ఇంకొంత అప్పు, తీసుకుని బాత్రూములు, వైరింగ్ కొత్తగా చేయించాం. ఇంటి కాగితాలు ఎలాగూ లోన్ ఇచ్చినవాళ్ళ దగ్గరే ఉంటాయి, వడ్డీ కూడా మామూలుగా పర్సనల్ లోన్ కంటే తక్కువే. చిక్కంతా వాల్యుయేషన్ (ఇంటికి విలువ కట్టడం) దగ్గరా, విడతల దగ్గరా.

ఇంటి విలువ 60 లక్షలు, అందులో 75 శాతం వరకు అప్పిస్తారు అనుకుందాం. అంటే 45 లక్షలు. పాత లోన్‌లో అసలు ఇంకా 32 లక్షలుంటే దొరికేది 13. వాల్యుయర్ అదే ఇంటికి 54 లక్షలే వేశాడనుకోండి, పరిమితి 40.5కి దిగి, చేతికొచ్చేది 8.5 లక్షలే. విలువ పదో వంతు తగ్గితే అప్పు మూడో వంతుకు పైగా కోసుకుపోయింది! అందుకే వాల్యుయేషన్ రిపోర్టు వచ్చేదాకా కాంట్రాక్టర్‌కి అడ్వాన్సు ఇవ్వకూడదు. సాధారణంగా ఇల్లు ఇవాళ ఎలా ఉందో దానికే విలువ కడతారు. పనయ్యాక పెరిగేది లెక్కలోకి రాదు. ప్లాన్‌లో లేని గదిని కొలతల్లోంచి తీసేయొచ్చు కూడా. ఆపైన పాత, కొత్త ఈఎంఐలు కలిపి ఆదాయానికి సరిపోతాయో లేదో చూస్తారు.

ఎస్టిమేట్‌లో "బాత్రూమ్ పని మొత్తం ఇంత" అని ఒక్క ముక్కలో రాస్తే ప్రశ్నలు మొదలవుతాయి. పాత టైల్స్ పగలగొట్టి చెత్త ఎత్తడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని చదరపు అడుగులు, కొత్త టైల్స్, కూలి అన్నీ విడివిడిగా ఉండాలి. ఫ్లోర్ తవ్వితే కింద తుప్పుపట్టిన జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపు బయటపడడం మామూలే, కాబట్టి 10-15 శాతం అదనపు ఖర్చుల కింద అప్పుడే చూపించాలి. తర్వాత చాలలేదంటే మళ్ళీ వాల్యుయేషన్, మళ్ళీ ఫీజులు.

డబ్బు విడతలుగా ఇచ్చే పద్ధతైతే ఇంకో మెలిక ఉంది. కాంట్రాక్టర్ పని మొదలుపెట్టకముందే డబ్బడుగుతాడు, రెండో విడత మాత్రం జరిగిన పని చూశాకే వస్తుంది. మధ్యలో కూలీలు ఆగిపోకుండా ఒక విడతకు సరిపడా సొంత డబ్బు పక్కన ఉంచుకోవాలి. మొదటి విడతలోంచే ప్రాసెసింగ్ ఫీజు కోసుకుంటారేమో కూడా ముందే అడగండి.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది కాలపరిమితి గురించి. పాత లోన్‌కి మిగిలిన ఏళ్ళే దీనికీ వేసేస్తే ఈఎంఐ తేలిగ్గానే కనిపిస్తుంది. 9 శాతం వడ్డీకి 5 లక్షలు 20 ఏళ్ళకి తీసుకుంటే నెలకు దాదాపు 4,500, మొత్తం వడ్డీ 5.8 లక్షలు. అదే 5 ఏళ్ళకైతే నెలకు 10,380 దాకా కట్టాలి, వడ్డీ మాత్రం 1.23 లక్షలే. నాలుగైదేళ్ళకి వెలిసిపోయే రంగుకి 20 ఏళ్ళ వడ్డీ ఏమిటండీ?

టాప్-అప్‌కి వేరే లోన్ నంబరు ఇస్తే, ముందస్తుగా కట్టే ప్రతిసారీ ఆ నంబరు రాసి, డబ్బు అసలుకే జమయ్యిందో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి.