నాన్న కోసం సోలార్ చార్జర్: కొన్నది ఒకటి, చేసింది ఒకటి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, పలాస వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది, గంటకి 140-150 కిలోమీటర్ల గాలి, కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఒక్క పూటలో పడిపోయాయి. నేను హైదరాబాద్‌లో ఉన్నా. ముందు రోజు రాత్రి నాన్నతో మాట్లాడా, ఆ తర్వాత నాలుగు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజుకే ఊరి చివర కాస్త సిగ్నల్ వచ్చిందంట, కానీ అప్పటికి నాన్న ఫోన్‌లో చార్జింగ్ లేదు. పక్క ఊళ్లో ఎవరో జనరేటర్ పెట్టి ఫోన్‌కి ఇంత అని తీసుకుని చార్జింగ్ పెడుతుంటే అక్కడికి నడుచుకుంటూ వెళ్లి, లైన్లో నిలబడి, నాకు కాల్ చేసాడు. "బానే ఉన్నాం, చెట్లు పోయాయి" అన్నాడు, అంతే, కట్ అయిపోయింది. ఆ నాలుగు రోజులు నేను పడింది ఇంకెప్పుడూ పడకూడదు అని అప్పుడే అనుకున్నా.

వెంటనే ఆన్‌లైన్లో ఒక సోలార్ పవర్ బ్యాంక్ కొని పంపించా. 20000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత), వెనకాల ఫోనంత ప్యానెల్, ఎండలో పెడితే చాలు అని రాసుంది. నాన్న పొద్దున్నే డాబా మీద పెట్టి సాయంత్రం తెచ్చేవాడు, చూస్తే ఒక్క లైటు కూడా పెరగలేదు. వారం తర్వాత ఫోన్ చేసి "ఏట్రా ఇది, వేడెక్కడమే గానీ ఎక్కడం లేదు" అన్నాడు.

అప్పుడు కూర్చుని లెక్క వేసా, ఇది కొనకముందే వేయాల్సిన లెక్క. ఆ ప్యానెల్ 15 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకి సుమారు 1000 వాట్ల వెలుతురు పడుతుంది, అంటే ఆ చిన్న ముక్క మీద పడేదే 10 వాట్లు, అందులో ఐదో వంతు కరెంటుగా మారితే 2 వాట్లు, అదీ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా పెడితే. మామూలుగా ఒకటిన్నర అనుకోండి. 20000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వాట్ అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 74 గంటలు నింపాలి. రోజుకి ఐదు గంటలు గట్టి ఎండ ఉన్నా పది రోజులు పడుతుంది, మధ్యలో పోయేది కలుపుకుంటే దగ్గర దగ్గర రెండు వారాలు. ఇంకో ఘోరం ఏంటంటే బ్యాటరీ, ప్యానెల్ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి ప్యానెల్‌కి ఎండ కావాలంటే బ్యాటరీ కూడా ఎండలో మాడాలి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, మే నెలలో డాబా మీద నల్ల ప్లాస్టిక్ డబ్బా ఎంత కాలుతుందో మీకు తెలుసు. ఆ వేసవికే అది ఉబ్బింది. ఇంట్లో పిల్లలు తిరిగే చోట అలాంటిది ఉందని తెలిసి నాకు భయం వేసింది, వెంటనే తీయించేసా.

సరే మనమే చేద్దాం అని హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లా. 10 వాట్ల 12 వోల్టుల ప్యానెల్ ఒకటి తీసుకున్నా, అప్పుడు 650 పడింది. 12 వోల్టులు అంటారు గానీ దానికి ఏమీ తగిలించకుండా ఎండలో మల్టీమీటర్ (వోల్టులు, ఆంపులు కొలిచే మీటర్) పెడితే 21 వోల్టులు చూపిస్తుంది, పని చేసేటప్పుడు 17-18 దగ్గర ఉంటుంది, కరెంటు అర ఆంపు పైచిలుకు. ఫోన్‌కి కావాల్సింది 5 వోల్టులు. కాబట్టి తగ్గించాలి.

ముందు 7805 ఐసీ (వోల్టేజ్‌ని 5కి దించే చిన్న చిప్పు) పెట్టా, చాలామంది అదే చెప్తారు, పది రూపాయలది, మూడు కాళ్లు, తేలిక. కానీ అది తగ్గించే పద్ధతి ఏంటంటే మిగిలిన వోల్టులన్నీ వేడి కింద వదిలేయడం. 18లో 5 వాడుకుని 13 పారేస్తుంది, అంటే పది వాట్లు వస్తే ఏడు వాట్లు ఐసీ నెత్తిన వేడిగా పోతాయి. వేలు పెట్టలేనంత కాలింది, ఫోన్ మాత్రం నత్తనడక. తర్వాత ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ మాడ్యూల్ వేసా, 70 రూపాయలు. ఇది వోల్టేజ్ తగ్గిస్తూ కరెంటు పెంచుతుంది, ప్యానెల్ ఇచ్చింది అర ఆంపే అయినా బయటికి ఒక ఆంపు పైన వచ్చింది. మధ్యాహ్నం యూఎస్‌బీ మీటర్‌లో 1.1 ఆంపులు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అదే ప్యానెల్, అదే ఎండ.

చేసేవాళ్లకి ఒక మాట: మాడ్యూల్ మీద ఉన్న చిన్న ఇత్తడి స్క్రూని తిప్పి ముందే 5.1 వోల్టులకి సెట్ చేసుకోండి, ఆ తర్వాతే ఏదైనా తగిలించండి. చాలా చుట్లు తిప్పాలి, తిప్పినా మారడం లేదని మధ్యలో ఆపేయకండి. నేను మీటర్ లేకుండా ఎవరినీ ఈ పని మొదలుపెట్టొద్దు అంటా, అది 12 దగ్గర ఉండగా ఫోన్ పెడితే ఫోన్ పోయినట్టే. ఇంకొకటి, యూఎస్‌బీ సాకెట్‌లో మధ్య రెండు పిన్నులు కలిపి సోల్డర్ చేయండి, అవి కలిపి ఉంటేనే చాలా ఫోన్లు ఇది చార్జరే అని గుర్తుపట్టి ఎక్కువ కరెంటు తీసుకుంటాయి.

అయినా డైరెక్ట్‌గా ఫోన్ పెట్టడం నాకు నచ్చలేదు. మబ్బు అడ్డొస్తుంది, ప్యానెల్ ఇవ్వగలిగిన దానికంటే ఫోన్ ఎక్కువ లాగుతుంది, వోల్టేజ్ కూలిపోతుంది, చార్జింగ్ ఆగుతుంది, మళ్లీ ఎండ రాగానే మొదలవుతుంది, ఇలా ఐదు నిమిషాలకోసారి స్క్రీన్ వెలుగుతూ ఉన్నదంతా తాగేస్తుంది. మధ్యలో బ్యాటరీ ఉండాల్సిందే. పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి లోపలి 18650 సెల్స్ (గుండ్రటి లిథియం బ్యాటరీలు) తీసి టీపీ4056 అనే చార్జింగ్ బోర్డుతో సొంతంగా కడదామని సగం వరకు చేసా కూడా. ఆపేసా. ఎందుకంటే ఆ సెల్స్ ఎన్నేళ్లు ఎలా వాడారో నాకు తెలియదు, నేను పక్కన ఉండి చూసుకునేదైతే వేరు, 60 దాటిన మనిషి తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది. ఆ ఒక్కటి కొన్నా, బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) మార్క్ ఉన్న మామూలు 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, సోలార్ గీలార్ ఏమీ లేనిది. ప్యానెల్ ఎండలో, మూడు మీటర్ల వైరు, పవర్ బ్యాంక్ గుమ్మం లోపల నీడలో. 37 వాట్ అవర్లది, గట్టి ఎండైతే రెండు రోజుల్లో నిండుతుంది. దాంతో నాన్న ఫోన్ ఒకటిన్నర సార్లు ఎక్కుతుంది, ఆయన మాట్లాడటానికే వాడతాడు కాబట్టి నాలుగు రోజులు నడుస్తుంది.

మడతపెట్టే 20 వాట్ల ప్యానెళ్లు కూడా చూసా, బ్యాగ్‌కి తగిలించుకునేవి, నేను చూసినప్పుడు మూడు వేల పైనే. ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లకి అదే మంచిది, నాది బరువు, అద్దం ఉంటుంది, మడతపడదు. కానీ అందులో ఏదైనా పోతే ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. నాదాంట్లో మాడ్యూల్ పోతే 70 రూపాయలు, నాలుగు వైర్లు, మా తమ్ముడికి నేర్పించా కూడా.

ఊరికి తీసుకెళ్లాక ఒక సమస్య వచ్చింది, హైదరాబాద్ మేడ మీద తెలియలేదు. పెరట్లో పెడితే సగం కూడా రావట్లేదు. చూస్తే కొబ్బరి మట్ట నీడ, సన్నగా, ప్యానెల్ మీద ఒక మూల అడ్డంగా పడుతోంది. ప్యానెల్‌లో 36 ముక్కలు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, పొలం గట్టు మీద వరసగా నడుస్తుంటే ముందున్నవాడు ఆగితే వెనకున్న వాళ్లందరూ ఆగాల్సిందే కదా, అలాగే ఒక్క ముక్క మీద నీడ పడినా మొత్తం పడిపోతుంది. నీడ పడని చోటు కోసం నాన్న మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిరిగి చూసి చివరికి కళ్లంలో ఒక బండ ఎంచుకున్నాడు. ప్యానెల్‌ని దక్షిణం వైపు కొద్దిగా వాల్చి పెడతాడు, వెనకాల ఇటుక.

తుఫాను వస్తోందంటే మూడు నాలుగు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది కదా, అప్పుడే పవర్ బ్యాంక్ గోడ ప్లగ్గులోనే నింపేసుకుని ప్యానెల్ తీసుకొచ్చి మంచం కింద పెట్టేయాలి. గాలి పోయాక కూడా ఒకటి రెండు రోజులు మబ్బు ఉంటుంది, ఆ రోజుల్లో ప్యానెల్ పదో వంతు ఇచ్చినా గొప్పే, నిండిన పవర్ బ్యాంకే ఆదుకుంటుంది. ఎండ రాగానే మళ్లీ బండ మీదకి. డాబా మీద బిగించే పెద్ద సోలార్ పెట్టించమని బావ చాలాసార్లు చెప్పాడు, బిల్లు తగ్గడానికి అది మంచిదే, కానీ ఆ గాలికి అది నిలబడుతుందో లేదో అని నా భయం, ఇది మాత్రం చంకలో పెట్టుకుని లోపలికి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు తుఫాను లేకపోయినా నాన్న రోజూ దాంతోనే ఫోన్ పెట్టుకుంటున్నాడు. నిన్న కాల్ చేసి జీడితోటలో కాపలా గుడిసెకి ఇంకోటి కావాలి, ఈసారి చిన్న లైటు కూడా వెలిగేలా చేయమన్నాడు. 20 వాట్ల ప్యానెల్ రేటు కనుక్కోవాలి, శనివారం కోఠి వెళ్తున్నా.