గార పళ్ళు, బోరు నీళ్ళు, నా థీసిస్

ఎండీ కమ్యూనిటీ మెడిసిన్‌లో చేరిన మూడో నెలలోనే మా గైడ్ సార్ పిలిచి "థీసిస్ దేని మీద చేస్తావమ్మా?" అని అడిగారు. బీపీ మీదో, షుగర్ మీదో చేస్తే తొందరగా తేలిపోతుందని సీనియర్లు అప్పటికే చెప్పి ఉన్నారు. నాకు మాత్రం మా అమ్మమ్మ వాళ్ళ ఊరు గుర్తొచ్చింది. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె అది. వేసవి సెలవుల్లో నాతో ఆడుకున్న పిల్లల్లో చాలామందికి ముందు పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి చారలు, కొందరికి గోధుమ రంగు మచ్చలు ఉండేవి. గార పళ్ళు అనేవారు. సరిగ్గా తోముకోరని, అందుకే గార పట్టిందని పెద్దవాళ్ళు తిట్టేవారు. నేనూ అదే నమ్మాను. ఎంబీబీఎస్‌లో ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు, పాఠం విన్న రోజు ఆ పిల్లల ముఖాలన్నీ కళ్ళ ముందు కదిలాయి.

అందుకే హైస్కూలు పిల్లల్లో డెంటల్ ఫ్లోరోసిస్, వాళ్ళు తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనే టాపిక్ అడిగాను. "ఊళ్ళు తిరగాలి, ఎండలో తిరగాలి, చూసుకో" అని సార్ ఒక్క మాట అని సరేనన్నారు.

ఈ జబ్బు మనకు కొత్తదేమీ కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ ఊళ్ళు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. అనంతపురం సంగతి చూస్తే వాన తక్కువ, భూమి కింద గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లోనే ఫ్లోరైడ్ ఉంటుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఏళ్ళ తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉన్న నీళ్ళు పైకొస్తాయి. నీళ్ళలో కాల్షియం తగ్గి బైకార్బొనేట్ పెరిగితే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ కరుగుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు మంచినీటి పథకం ఈ జిల్లాలో వందల ఊళ్ళకు నీళ్ళు ఇచ్చిందంటే, అంతకు ముందు ఇక్కడ తాగునీళ్ళ కష్టం ఎంతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రోటోకాల్, అంటే థీసిస్ పని ఎలా చేస్తామో చెప్పే పత్రం, రాయడం అనుకున్నంత కష్టం కాలేదు. శాంపిల్ సైజుకు అందరూ వాడే సూత్రమే వాడాను. నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే జబ్బు ఉన్నవాళ్ళ శాతం, క్యూ అంటే లేనివాళ్ళ శాతం, డీ అంటే లెక్కలో మనం ఒప్పుకునే తేడా. జబ్బు ఎంతమందిలో ఉంటుందో ముందుగా తెలియదు కాబట్టి 50 శాతం అనుకుని, 5 శాతం తేడా వరకు పర్వాలేదనుకుంటే లెక్క 400కి వస్తుంది. కొందరు రారు, కొందరు ఒప్పుకోరు అని మరో పది శాతం కలిపి 440 మంది పిల్లలు అనుకున్నాం. కాగితం మీద ఆ సంఖ్య చిన్నదే. ఊళ్ళలో తిరగడం మొదలయ్యాక అది ఎంత పెద్దదో తెలిసింది.

అసలు కష్టం ఎథిక్స్ కమిటీ దగ్గర, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ దగ్గర ఎదురైంది. ఇప్పుడు వెనక్కి చూస్తే నా థీసిస్‌కు ప్రాణం పోసింది కూడా ఆ కమిటీయే అనిపిస్తుంది. డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవాళ్ళు, వైద్యంతో ఏ సంబంధమూ లేని సామాన్యులు కూడా కమిటీలో ఉండాలన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిబంధన. మా కమిటీలో ఆ స్థానంలో పొదుపు సంఘాలతో పనిచేసే ఒక పెద్దావిడ ఉన్నారు. డాక్టర్లు శాంపిలింగ్ గురించి, స్టాటిస్టిక్స్ గురించి అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆవిడ మాత్రం నా తెలుగు సమ్మతి పత్రం చేతిలో పట్టుకుని, "ఇది ఒకసారి బయటికి చదవమ్మా" అన్నారు.

చదివాను. "ఈ అధ్యయనములో నా సంతానము పాల్గొనుటకు స్వచ్ఛందముగా నా సమ్మతిని తెలియజేయుచున్నాను."

"స్వచ్ఛందంగా అంటే మా సంఘంలో ఎంతమందికి అర్థమవుతుందమ్మా? మీ ఇష్టముంటేనే అని రాయరాదా?" అన్నారావిడ. నాకు నోట మాట రాలేదు. ఇంగ్లీషు పత్రాన్ని నేనే తెలుగులోకి మార్చాను. వేరొకరితో దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి రాయించి, అర్థం మారలేదని సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. చదివే తల్లికి అర్థమవుతుందా అన్న ప్రశ్న మాత్రం నేను వేసుకోనేలేదు.

ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు. "పళ్ళు చూస్తారు, నీళ్ళు పట్టుకుపోతారు. ఏం తేలిందో ఆ ఇంటికి చెప్తారా?" నా ప్రోటోకాల్‌లో అందుకు ఒక్క వాక్యం కూడా లేదు.

పత్రం వెనక్కి వచ్చింది. వారం రోజులు కూర్చుని మళ్ళీ రాశాను. హాస్టల్లో వంట చేసే అక్కకు చదివి వినిపించి, ఆమె ఆగిన చోటల్లా మాట మార్చాను. "పరిశోధన" అంటే ఆమెకు పోలీసులు గుర్తొచ్చారట. అది తీసేసి "పిల్లల పళ్ళు చూసి, మీరు తాగే నీళ్ళు పరీక్ష చేసి, పళ్ళ మచ్చలకు ఆ నీళ్ళే కారణమా అని తెలుసుకుంటాం" అని రాశాను. "మీ ఇష్టముంటేనే. వద్దంటే మీ బిడ్డ చదువుకు గానీ, మీకొచ్చే ఏ పథకానికి గానీ ఏ ఇబ్బందీ ఉండదు" అన్నది ఇంకో వాక్యం. చివర్లో "ఏం తేలిందో మీకు కాగితం మీద రాసి ఇస్తాం" అని చేర్చాను. రెండోసారి కమిటీ ఒప్పుకుంది. ఆ ఆఖరి వాక్యం ఎంత బరువైనదో అప్పటికి నాకు తెలియదు.

పై అధికారుల అనుమతి, హెడ్మాస్టర్ల అనుమతి, పళ్ళ డాక్టరు దగ్గర వారం రోజుల శిక్షణ ఒకదాని వెనక ఒకటి అయిపోయాయి. మొదటి స్కూల్లో అరవై మంది పిల్లలకు పత్రాలిచ్చి ఇంటికి పంపాను. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చినవి పద్నాలుగు. మిగతావి ఏవని అడిగితే పిల్లలు తలలు దించుకున్నారు. ఒకడు మాత్రం లేచి, "మా నాయన సంతకం పెట్టనన్నాడు మేడం" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆశా అక్కను వెంటబెట్టుకుని ఇళ్ళకు వెళ్ళాను. పొద్దున పోతే ఎవరూ దొరకరు, అందరూ వేరుశనగ చేలల్లో కలుపు తీస్తుంటారు. కూలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించేలోపు ఒక అరగంట ఉంటుంది. మాట్లాడితే అప్పుడే మాట్లాడాలి. ఒక తల్లి నా కాగితం చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "వేలిముద్ర ఏంటికి మేడం? పోయినసారి యాడనో వేలిముద్ర ఏపిచ్చుకోని పోయినారు, మా పేరున అప్పు ఉండాదని తరువాత చెప్పినారు" అంది. నాకు చప్పున తెలిసొచ్చింది. మన పల్లెల్లో వేలిముద్ర అంటే పాసుబుక్కు, అప్పు, రేషన్. కాగితం మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి చేజారిన అనుభవం వాళ్ళది. నేనెంత తేలిక మాటల్లో రాసినా, సిరా డబ్బా తెరవగానే ఆ భయం లేస్తుంది.

ఆ రోజు ఒక్క వేలిముద్ర కూడా తీసుకోలేదు. కాగితం మొత్తం చదివి వినిపించి, "మీ దగ్గరే పెట్టుకోండి. ఇంట్లో మాట్లాడుకోండి. ఎల్లుండి వస్తాను, వద్దంటే వద్దు" అని వచ్చేశాను. చదవడం రాని వాళ్ళ దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు చదువు వచ్చిన సాక్షి ఒకరు పక్కనుండాలి. ఆ సాక్షి మా టీమ్ మనిషి కాకూడదు. ఆ ఊళ్ళో డిగ్రీ చదివే ఒక అమ్మాయి సాక్షిగా కూర్చుంది. ఎల్లుండి వెళ్ళేసరికి ఆ తల్లే ముందుకొచ్చి, "మా పాపకు చూడండి మేడం" అంది. ఆ స్కూల్లో చివరికి నలభై ఎనిమిది మంది ఒప్పుకున్నారు. వద్దన్న ఇళ్ళకు మళ్ళీ వెళ్ళలేదు.

పళ్ళు చూడటం స్కూలు వరండాలోనే. డీన్స్ ఇండెక్స్‌కు, అంటే పళ్ళ మచ్చల తీవ్రతను గ్రేడులుగా లెక్కగట్టే పద్ధతికి, పగటి వెలుతురు కావాలి, ట్యూబ్‌లైట్ కింద చూస్తే మచ్చ రంగు మోసం చేస్తుంది. పిల్లను వెలుతురు వైపు కుర్చీలో కూర్చోబెట్టి, దూదితో పంటిని తుడిచి, చిన్న అద్దంతో చూస్తాం. మచ్చలు ఎక్కువగా ఉన్న రెండు పళ్ళను బట్టి గ్రేడ్ ఇస్తాం. ఆ రెండూ ఒకేలా లేకపోతే తక్కువ మచ్చ ఉన్న పంటినే లెక్కలోకి తీసుకోవాలి. పంటి మీద పాతిక శాతం లోపు తెల్లగా ఉంటే ఒక గ్రేడు, సగం వరకు ఉంటే ఇంకోటి. పన్నంతా మచ్చ పడితే మోడరేట్, అలాంటి పళ్ళలో గోధుమ రంగు కూడా తరచుగా కనిపిస్తుంది. పంటి మీది పింగాణీ పొర పెచ్చులూడి గుంటలు పడితే సివియర్. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు అలిసిపోతాయి. అందుకే ప్రతి పది మందిలో ఒకరిని మళ్ళీ పిలిచి, మొదటి గ్రేడు చూడకుండా రెండోసారి వేసి, రెండూ కలుస్తున్నాయా లేదా అని సరిచూసుకున్నాను.

వేలిముద్రకు భయపడిన ఆ తల్లి కూతురు ఏడో తరగతి. కుర్చీలో కూర్చుంది గానీ నోటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నేను తొందరపెట్టలేదు. కాసేపటికి చెయ్యి కొంచెం పక్కకు జరిపి, "మేడం, నేను రోజూ రెండుసార్లు తోముతా" అంది. ఎవరూ అడగకుండానే ముందు ఆ మాట చెప్పింది. చిగుళ్ళు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. దేంతో తోముతావంటే బొగ్గు, ఉప్పు అంది. పై రెండు ముందు పళ్ళ మీద గోధుమ రంగు చారలు అడ్డంగా ఉన్నాయి.

"ఇది తోముకోనందుకు రాలేదు తల్లీ. నువ్వు పాపగా ఉన్నప్పుడు, ఈ పన్ను ఇంకా చిగురు లోపలే తయారవుతున్నప్పుడు, తాగిన నీళ్ళ వల్ల వచ్చింది. నీ తప్పేమీ లేదు" అని చెప్పాను. ఆ పిల్ల నన్ను చూసి, వెనక లైన్లో ఉన్న స్నేహితురాలిని చూసి, "విన్నావా?" అంది. ఆ ఒక్క మాట కోసమైనా ఈ థీసిస్ చేసినందుకు సంతోషంగా ఉంది.

నీళ్ళ శాంపిళ్ళు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాల్లో పట్టాలి. బోరు కాసేపు వదిలి, అదే నీటితో సీసా తొలిచి నింపాలి. ల్యాబులో మీటరుతో కొలిచే ముందు నీళ్ళలో టిసాబ్ అనే ద్రావణం కలుపుతారు. దాంతో నీళ్ళలోని అల్యూమినియం, ఇనుము పట్టుకుని ఉన్న ఫ్లోరైడ్ కూడా విడిపోయి లెక్కకొస్తుంది. ఊళ్ళో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, "కాంచి తాగితే పోతాదా మేడం?" అని. పోదు. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. ఈ సంగతి ప్రతి ఇంట్లో తెలియాలి.

నాలుగో స్కూలు ముగిశాక ఫైళ్ళు సర్దుతుంటే పదకొండు పత్రాల్లో సాక్షి సంతకం లేదని కనిపించింది. పూర్తిగా నా పొరపాటే. ఆ రోజు వర్షం వస్తుందని హడావుడిగా వచ్చేశాను. ఇప్పుడు సాక్షితో సంతకం పెట్టించేసుకుంటే ఎవరికీ తెలియదని ఒక క్లాస్‌మేట్ అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే సార్‌కు చెప్పాను. ఆ పదకొండు మందినీ లెక్కలోంచి తీసేశాం. ఇంకో ఊరు వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి సమ్మతి తీసుకుని ఆ సంఖ్య నింపాను. మూడు వారాలు పట్టింది.

ఎక్సెల్‌లో డేటా ఎక్కించడం, స్టాటిస్టిషియన్ చుట్టూ తిరగడం, ప్లేజియరిజం రిపోర్టు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ప్రతి పీజీకి తెలిసినవే. పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ యూనివర్సిటీకి చేరాలి కాబట్టి ఆఖరి నెలంతా టెన్షనే. బైండింగ్ కాపీ చేతికొచ్చిన రోజు అందరూ స్వీట్లు పంచుకున్నారు. నాకు మాత్రం ఆ వాక్యం అడ్డం పడింది. ఏం తేలిందో మీకు కాగితం మీద రాసి ఇస్తాం.

పరీక్షలయ్యాక చేయవచ్చని అందరూ అన్నారు. పరీక్షలయ్యాక నేనెక్కడ ఉంటానో నాకే తెలియదు. రెండు ఆదివారాలు కూర్చుని ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం రాశాను. పంటి పరిస్థితి ఒక వాక్యం, ఊరి బోరు నీళ్ళ సంగతి ఒక వాక్యం, చేయాల్సింది రెండు వాక్యాలు. ఇంకో నాలుగు ఆదివారాలు తిరిగి పంచాను.

ఏడో తరగతి అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడుతోంది. వాళ్ళమ్మ కాగితం తీసుకుని కూతురి చేతికిచ్చి చదివించుకుంది. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది, తాగడానికి, వంటకు వాడొద్దు అన్న చోట ఆపి, "ఇంగొకసారి సదువు" అంది. పాప పళ్ళ మచ్చలు తోమితే పోవని, కావాలంటే పెద్దయ్యాక పళ్ళ డాక్టరు పైపూత వేస్తారని, బొగ్గుతో మాత్రం రుద్దొద్దని చెప్పాను. ఆమె వింటూనే గడప దగ్గర ఆడుకుంటున్న కొడుకును ఎత్తుకుంది. వాడికి రెండేళ్ళుంటాయి.

"వీనికి?" అంది.

"వీడి పెద్ద పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతుంటాయమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. కొడుకును చంకలో పెట్టుకునే లోపలికి పోయి, బోరు నీళ్ళ బిందె మీద బోర్లించి ఉన్న చిన్న స్టీలు గ్లాసు తీసి, పక్కనున్న క్యాను మీద పెట్టింది.