నొప్పి ఎంత అని నన్నే అడిగారు

మోకాలి మార్పిడికి ముందు పరీక్షలకి పిలిచినప్పుడు రక్తం, ఈసీజీ, బీపీ అన్నీ చూశాక నర్సు ఒక ఫారం చేతిలో పెట్టింది. "ఇది మీరే నింపాలి, మీకు ఎలా అనిపిస్తే అలా" అంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో మోకాలు, తుంటి మార్పించుకునే వాళ్లకి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2009 నుంచి ఇలాంటి ఫారాలు ఇస్తోంది. మోకాలికైతే ఆక్స్‌ఫర్డ్ స్కోరు. 12 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 48. ఎంత ఎక్కువ వస్తే మోకాలు అంత బాగున్నట్టు.

రాత్రి పడుకున్నాక నొప్పి వేధిస్తోందా? భోజనం చేసి కుర్చీలోంచి లేస్తుంటే ఎంత నొప్పి? ఒక్కరే వెళ్లి సరుకులు తెచ్చుకోగలరా? చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా అందరూ ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయిందన్న వాళ్లే. అర్ధరాత్రి లేచి మోకాలి కింద దిండు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంటానని చెప్పుకునే సందర్భమే రాలేదు. నాకు వచ్చినవి 13 మార్కులు.

ఆపరేషన్ తర్వాత మొదటి వారాలు నరకం. కాలు మడిచిన ప్రతిసారీ ప్రాణం పోయేది. గుంటూరు నుంచి అక్క ఫోన్ చేసి "ఓర్చుకోవే, ఇప్పుడు మడవకపోతే కాలు బిగుసుకుపోతుంది" అని రోజూ పోరేది.

ఆరు నెలలకి రెండో ఫారం పోస్టులో వచ్చింది. ఈసారి 35. రాత్రి నొప్పి పోయింది, హాయిగా నిద్రపోతున్నాను. కానీ మెట్లు దిగే ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. ఎక్స్‌రేలో అంతా సరిగ్గానే ఉందన్నారు, నాకేమో రెయిలింగ్ వదిలితే పడిపోతానని టెన్షన్. ఈ ఫారాలు ముఖ్యంగా ఆస్పత్రుల పనితీరు పోల్చడానికి వెళ్తాయి. అయినా పంపేముందు ఫోటో తీసి ఫిజియోకి చూపించాను. ఆవిడ మెట్ల జవాబు చూసి, తొడ ముందు కండరం ఇంకా బలహీనంగా ఉందని పరీక్షించి చెప్పింది. పొట్టి పీట మీద ఆపరేషన్ అయిన కాలు ఉంచి, రెండో కాలు మెల్లగా నేలకి దించే వ్యాయామం మొదలుపెట్టించింది. ఇప్పుడు చేతిలో బట్టల బుట్టతో కూడా దిగుతున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఆ ఫారంలో లేదు. మోకాళ్ల మీద కూర్చుని లేవగలరా అని అడుగుతారు గానీ, బాసింపట్టు వేసుకుని కింద కూర్చోగలరా అని అడగరు. వరలక్ష్మీ వ్రతం కుర్చీలో కూర్చునే చేసుకున్నాను, మనసుకి కష్టంగానే ఉంది. మన ఊళ్లలో ఆస్పత్రులు ఇలాంటి ఫారం ఇస్తే ఆ ప్రశ్న తప్పకుండా పెట్టాలి, అదీ ఆపరేషన్‌కి ముందే అడగాలి.