జంక్ తెరచాపకు అల్యూమినియం పైపు: ముందు వ్యాసం, తర్వాతే మందం

చెన్నై ప్యారీస్ కార్నర్‌లో అల్యూమినియం కొట్టుకెళ్లి "కాస్త మందమైన పైపు ఇవ్వండి" అని అడిగారంటే మీ పడవ జంక్ రిగ్ (అడ్డంగా బద్దలు పెట్టిన చైనా తరహా తెరచాప) సగం అక్కడే చెడినట్టు. బ్యాటెన్ (తెరచాపకు అడ్డంగా పెట్టే ఆ బద్ద, ఇక్కడ పైపు) ఎక్కువ వంగుతోందనగానే చాలామంది అదే వ్యాసంలో మందం పెంచుతారు. పైన బరువు పెరుగుతుంది, వంపు తగ్గాల్సినంత తగ్గదు.

లెక్కేసి చూద్దాం. తెరచాప 20 చదరపు మీటర్లు, బ్యాటెన్ పొడవు 4 మీటర్లు, ఒక్కో బ్యాటెన్ వాటాకు 3.5 చదరపు మీటర్ల గుడ్డ. 30 నాట్ల గాలి వచ్చేసరికి ఇంకా రీఫ్ చేయకపోతే (తెరచాపను కొంత దించి చిన్నది చేయకపోతే) ఆ వాటా మీద సుమారు 65 కిలోల తోపు పడుతుంది. బ్యాటెన్‌కు ముందువైపు మాస్ట్ (తెరచాపను మోసే నిలువు స్తంభం), వెనక షీట్ తాడు (తెరచాపను పట్టి లాగే తాడు) ఆనిక. రెండింటి మధ్య 3.4 మీటర్లు అనుకుంటే వంచే మోమెంట్ దాదాపు 235 న్యూటన్ మీటర్లు.

దీనికి 38 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మందం ఉన్న పైపు (కొట్టు భాషలో ఒకటిన్నర అంగుళం, 16 గేజి) పెడితే బరువు 2 కిలోలు, నడుమ వంపు 13.5 సెంటీమీటర్లు. అదే 38లో మందం 3కి పెంచితే బరువు 3.6 కిలోలకు ఎగబాకుతుంది, వంపు 8 దగ్గర ఆగుతుంది. 50 వ్యాసం, 1.6 మందానికి వెళ్లండి: బరువు 2.6 కిలోలే, వంపు 6 సెంటీమీటర్ల లోపు. పల్చని గొట్టంలో బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మందంతో పాటు మామూలుగా పెరుగుతుంది, వ్యాసంతో మాత్రం ఘనం చొప్పున పెరుగుతుంది. ప్యానెళ్లకు (బ్యాటెన్ల మధ్య గుడ్డ ముక్కలకు) పొట్ట పెట్టి కుట్టిన తెరచాపైతే ఈ బిగువు తప్పనిసరి. బ్యాటెన్ వంగితే కుట్టిన ఆకారం చెదిరిపోతుంది.

అలాగని 50కి 1.2 మందం కొనకండి. మాస్ట్‌కు కొట్టుకునే చోట సొట్ట పడుతుంది, తర్వాత గట్టి గాలికి సరిగ్గా ఆ సొట్ట దగ్గరే మడతపడుతుంది. 1.6 ఉన్నా ఆ రెండడుగుల మేర నల్ల హెచ్‌డీపీఈ నీళ్ల పైపును నిలువునా చీల్చి తొడగండి. కొట్లో పన్నెండడుగుల పైపే దొరికితే తక్కువైన అడుగుకు పైచిలుకు ముక్కను మాస్ట్‌కు ముందుండే కొసలో అతకండి, అక్కడ మోమెంట్ తక్కువ. నడుమ అతుకు వద్దు. వెల్డింగ్ అసలే వద్దు; ఆ వేడికి టీ6 (వేడితో గట్టిపరిచిన స్థితి) బలం దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక అసలు మోసం మిశ్రమంలో ఉంది. తలుపులూ కిటికీలూ చేసేవాళ్ల దగ్గర దొరికేది 6063 రకం, మన ఐఎస్ (భారతీయ ప్రమాణం) లెక్కలో 63400. మీకు కావలసింది 6061, అంటే 65032, టెంపర్ (గట్టిపరిచిన స్థితి) డబ్ల్యూపీ, అంటే టీ6. కంటికి రెండూ ఒకటే. తక్కువ బరువు వేసి వంపు కొలిచినా తేడా తెలియదు, ఎందుకంటే రెండింటి బిగువూ దాదాపు సమానం. తేడా అంతా వంగాక తిరిగి నిటారుగా రావడంలోనే. అందుకని రెండు స్టూళ్ల మధ్య 3.4 మీటర్లు వదిలి 38 × 1.6 పైపు పెట్టి, నట్టనడుమ రెండు నిండు వాటర్ క్యాన్లు వేలాడదీయండి. చెన్నైలో ఆ 20 లీటర్ల క్యాను లేని ఇల్లు ఏది? 6061 టీ6 అయితే 15 సెంటీమీటర్లు దిగుతుంది, 6063 టీ5 అంతకంటే ఎక్కువే దిగవచ్చు. క్యాన్లు తీశాక దారం లాగి చూడండి. 6061 టీ6 తిన్నగా ఉంటుంది. 6063 టీ5 అయితే నడుము వంగే ఉంటుంది, దాన్ని కర్టెన్‌కు వాడుకోండి.

మాస్ట్ లెక్క వేరు. 1960లో బ్లాండీ హాస్లర్ జెస్టర్ మీద ఒంటరిగా అట్లాంటిక్ దాటినప్పుడు ఆ జంక్ రిగ్ పడవ మాస్ట్‌కు ఒక్క స్టే తాడూ (మాస్ట్‌ను పక్కల నుంచి లాగి నిలబెట్టే తాడు) లేదు. అలాంటి మాస్ట్‌ను తెరచాప సైజు చూసి కాదు, పడవ ఎంత గట్టిగా నిటారుగా నిలబడుతుందో చూసి ఎంచాలి. తూకం 1500 కిలోలు, గరిష్ఠ రైటింగ్ ఆర్మ్ (ఒరిగిన పడవను తిరిగి నిలబెట్టే బలానికి ఉన్న మీట పొడవు) 0.4 మీటర్లు అయితే మోమెంట్ 5,900 న్యూటన్ మీటర్లు. 125 వ్యాసం, 5 మందం ఉన్న 6061 టీ6 గొట్టంలో ఇది 108 మెగాపాస్కల్‌ల ఒత్తిడి. 240 వరకు తట్టుకుంటుంది కాబట్టి రెండింతలకు పైగా భద్రత. 8 మీటర్లకు బరువు 41 కిలోలు.

డెక్ కింద దిగే భాగాన్ని కుదిస్తే మాత్రం చిక్కే. 90 సెంటీమీటర్లు దిగితే మాస్ట్ అడుగున పక్కకు తోసే బలం 670 కిలోలు. 45కి తగ్గిస్తే 1,300 దాటుతుంది. అప్పుడు పోయేది గొట్టం కాదు, డెక్కు. డెక్ దగ్గరే గొట్టానికి ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ ఒక్క రంధ్రమూ పెట్టకండి, వైరు బయటికి తీయాలన్నా సరే. స్టెయిన్‌లెస్ బోల్టు ఎక్కడ తగిలినా నైలాన్ వాషరు వేసి బిగించండి. లేదంటే ఈ ఉప్పుగాలికి బోల్టు చుట్టూ తెల్లటి పొడి రాలడం మొదలవుతుంది, లోపల గోడ పల్చబడుతూ పోతుంది.