ఏజెన్సీ పిల్లల మౌనాన్ని స్వభావమనుకుంటే

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో చింతూరు, వరరామచంద్రపురం, మారేడుమిల్లి వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చే బస్సుల్లో ట్రంకు పెట్టెలతో పిల్లలు రాజమహేంద్రవరం చేరుకుంటారు. అక్కడి నుంచి కొందరు రావులపాలెం మీదుగా కోనసీమకు, మరికొందరు భీమవరం వైపు హాస్టళ్లకు వెళ్తారు. వీరిలో కోయ, కొండరెడ్డి పిల్లలు ఎక్కువ. పోలవరం ముంపు వల్ల సొంత ఊరు విడిచి పునరావాస కాలనీలకు మారిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న నేను, ఈ పిల్లల విషయంలో ఆత్మహత్యల నివారణ అనే పని ఎక్కడ మొదలుకావాలో నాకు తోచినంతలో చెప్పదలచుకున్నాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడ్డారు. ప్రచురించే పట్టికల్లో ఆ సంఖ్యను తెగలవారీగా విడదీయరు కనుక, మైదానానికి వచ్చి చదువుకునే గిరిజన పిల్లల కష్టం ఆ పెద్ద అంకెలో కలిసిపోతుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం ఈ సంగతిని మరచిపోలేదు. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి మానసిక వైద్య నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలని, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, షెడ్యూల్డ్ కులాలు, తెగల వంటి వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం ఆ శిక్షణలో భాగం కావాలని న్యాయస్థానం చెప్పింది. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. అయితే కౌన్సెలర్ దగ్గరకు పిల్లవాడిని పంపాలంటే, వాడు బాధలో ఉన్నాడని అంతకుముందే ఎవరో ఒకరు గుర్తించి ఉండాలి కదా!

ఆ గుర్తింపు దగ్గరే మన డెల్టా బడులు తప్పటడుగు వేస్తున్నాయని నా అభిప్రాయం. ఇక్కడి పిల్లవాడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే ఇంట్లో ఏం జరిగిందని అడుగుతాము. ఏజెన్సీ పిల్లవాడు నెల రోజులు మాట్లాడకపోయినా, “వాళ్లంతే మాస్టారూ, అసలు నోరు విప్పరు” అని స్టాఫ్‌రూములో ఒక మాట అనేసి ఊరుకుంటాము. అన్నం సగంలో వదిలేయడం, ఇష్టంగా దాచుకున్న వస్తువులు తోటివారికి ఇచ్చేయడం, “నేను లేకపోతే మా వాళ్లకే నయం” అనడం ఏ పిల్లల్లో కనిపించినా ప్రమాద సూచనలే అయినా, కొండ మీది నుంచి వచ్చిన పిల్లల్లో కనిపించినప్పుడు వాటిని అలవాటు పడకపోవడంగా, బెంగగా, ఒక్కోసారి మొండితనంగా లెక్కవేస్తాము. ఆ మౌనంలో చాలావరకు మన పుణ్యమే. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల తెలుగు పాఠం చదివితే తరగతంతా నవ్వుతుంది. కొండరెడ్ల తెలుగు యాసను వెక్కిరించేవారికి కొదవ లేదు. స్కాలర్‌షిప్ జాబితాను అందరి ముందూ చదివి, “ఏజెన్సీవాళ్లు లేచి నిలబడండి” అనే పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. ఊళ్లో భూమి పండుగకో, కొత్త మామిడి పండుగకో వెళ్లి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని హాజరు పట్టీ చూపించి నిలదీస్తాము, సంక్రాంతికి మాత్రం మనమే బడి మూసుకుంటాము.

ఇటువంటి విషయాలకూ ప్రాణాలకూ సంబంధం ఉందా అని అడిగేవారికి కెనడాలో జరిగిన ఒక పరిశోధన చెప్పాలి. బ్రిటిష్ కొలంబియాలోని ఆదివాసీ సమూహాలను పరిశీలించి చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చదువు, ఆరోగ్యం, భూమి హక్కుల పోరాటం, సాంస్కృతిక కేంద్రాల వంటివి తమ చేతుల్లో ఉన్న సమూహాలలో యువత ఆత్మహత్యలు చాలా తక్కువగా ఉన్నాయి, కొన్నింటిలో అసలు లేవు. ఆదివాసులైనంత మాత్రాన ప్రమాదం పుట్టుకతో రాదని, తమ మూలాలతో తెగిపోని పిల్లలకు రక్షణ ఎక్కువని నేను దాన్నిబట్టి గ్రహించాను. పండుగ సెలవును క్రమశిక్షణ సమస్యగా చూడకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇక తరగతి గదిలో ఏం చేయాలన్న ప్రశ్నకు 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఐరోపా అధ్యయనం కొంత దారి చూపుతుంది. పది దేశాల్లోని 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది విద్యార్థులతో మూడు పద్ధతులను పోల్చి చూశారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం ఒకటి, ప్రశ్నావళితో ప్రమాదంలో ఉన్నవారిని వడపోసి నిపుణుల దగ్గరకు పంపడం మరొకటి, పిల్లలకే నేరుగా మానసిక ఆరోగ్యం గురించి నేర్పి, సంభాషణలు నటింపజేస్తూ చర్చింపజేయడం మూడవది. ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు గణనీయంగా, సుమారు సగానికి తగ్గింది మూడవ పద్ధతిలో మాత్రమే. ఉపాధ్యాయుడిగా ఇది నాకు కాస్త చిన్నతనమనిపించినా, నమ్మదగినదిగానే తోచింది, ఎందుకంటే రాత్రి పదకొండు గంటలకు హాస్టలు గదిలో పక్క పరుపు మీద ఉండేది స్నేహితుడే కాని మాస్టారు కాదు. అమెరికాలో జూనీ తెగ పిల్లల కోసం తెరెసా లాఫ్రాంబాయిస్ జీవన నైపుణ్యాల పాఠాలను ఆ తెగవారితో కలిసి, వారి జీవితంలోని సందర్భాలతోనే తయారుచేశారు. మనమూ కోయ, కొండరెడ్డి పెద్దలను, డిగ్రీ చదివిన వారి యువకులను కూర్చోబెట్టుకుంటే, ఫీజు గురించి ఇంటికి ఎలా చెప్పాలి, వెక్కిరింతకు ఏమని బదులివ్వాలి, స్నేహితుడు చనిపోతానంటే ఆ రహస్యాన్ని ఎందుకు దాచకూడదు అన్న సన్నివేశాలు సులువుగానే తయారవుతాయి.

“చనిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చాలామందిలో ఉంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించవు, అడిగితే పిల్లలకు గుండె బరువు దిగుతుంది. అవునని జవాబు వస్తే ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైన వస్తువులేవీ అందుబాటులో లేకుండా చూసి, వార్డెన్‌తో కలిసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే, ఏ వేళనైనా, ఉచితంగా మాట్లాడవచ్చు. అయితే సెల్‌ఫోను ఉంచుకోనివ్వని హాస్టలులో గోడమీది నంబరు ఎంతవరకు ఉపయోగపడుతుంది? వార్డెన్ గది బయట, ఎవరూ వినని చోట, కారణం అడగకుండా ఇచ్చే ఒక ఫోను ఉండాలి. పోలీసు కేసవుతుందేమోనని తల్లిదండ్రులు విషయం దాచిపెట్టడమూ చూస్తుంటాము. 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి శిక్షించకూడదంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన, పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనుకు సమానమైనది 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి స్పష్టంగా చెప్పాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేసవి. పరీక్షల ఫలితాలు వచ్చేసరికి పిల్లలు కొండమీది ఊళ్లలో ఉంటారు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కవలసిన చోట సప్లిమెంటరీ తేదీలు కూడా సమయానికి తెలియవు. అమెరికాలోని వైట్ మౌంటెన్ అపాచీ తెగవారు, ఎవరి గురించి ఆందోళన కలిగినా తమకు తెలియజేయాలని నియమం పెట్టుకుని, తమవారిలోనే శిక్షణ పొందిన కార్యకర్తలను ఆ ఇంటికి పంపే ఏర్పాటు చేసుకున్నారు. మనకు ప్రతి ఊరిలో ఆశా కార్యకర్త ఉన్నారు, మండలంలో గిరిజన సంక్షేమ సిబ్బంది ఉన్నారు, హాస్టలు రిజిస్టరులో పిల్లవాడి ఊరి పేరుంది. ఆ ఆశా కార్యకర్త ఫోను నంబరును, గుట్ట దిగువన సిగ్నలు అందే ఊరిలోని బంధువు నంబరును కూడా చేర్చుకునేటప్పుడే రాసుకుని, తప్పిన పిల్లల ఇళ్లకు ఫలితాల రోజునే ఎవరు ఫోను చేయాలో బడి, హాస్టలు జూన్‌లోనే కూర్చుని తేల్చుకోవాలి.