కొలిమిలోంచి తీసిన ఇనుపగుండు

మన పాత విద్యార్థుల సంచికకి కమిటీవారు ఒక పేజీ రాయమన్నారు. మూడేళ్ల తత్త్వశాస్త్రం చదువులో నాకు పేజీకి సరిపడా మిగిలింది తర్కం మాస్టారి ఇనుపగుండే.

పంచావయవాలు, అంటే వాదంలోని ఐదు మెట్లు, మనందరికీ కంఠతా వచ్చు. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కనుక, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా, ఈ కొండా అలాంటిదే, కాబట్టి నిప్పుంది. మాస్టారు బోర్డు మీద హేతువునూ (కారణంగా చూపేదాన్ని) సాధ్యాన్నీ (రుజువు చేయాల్సినదాన్ని) తారుమారు చేశారు: పొగ ఉంది, నిప్పుంది కనుక. వంటిల్లు సరిపోయింది, హోమగుండమూ సరిపోయింది. అప్పుడు వచ్చింది ఇనుపగుండు. ఎర్రగా కాలుతోంది, పొగ లేదు. వంద ఉదాహరణలు కలిసొచ్చినా ఒక్కటి ఎదురు తిరిగితే వ్యాప్తి, అంటే హేతువు ఉన్నచోటల్లా సాధ్యం ఉంటుందన్న నియమం, పోయినట్టే.

అక్కడ ఆగితే సగం పనే అనేవారు. ఎందుకు తప్పిందో చెప్పాలి. నిప్పుకి తడి కట్టె తగిలితేనే పొగ, ఆ చెప్పని షరతే తర్కంలో ఉపాధి. పట్టుకోవడానికి పరీక్షలు రెండు: సాధ్యం ఉన్న ప్రతిచోటా అది ఉండాలి, హేతువు ఉన్నచోట్లలో ఒక్కచోటైనా అది లేకపోవాలి. రెండోది మరిచిపోయే మనలో సగంమంది మార్కులు పోగొట్టుకున్నారు. తత్త్వశాస్త్రం దేనికని అడిగినవాళ్లకి నేనిప్పటికీ ఇదే చూపిస్తాను: "కనుక" అనే మాట కింద దాక్కున్న షరతును బయటికి లాగడానికి.

కంటికి కనిపించిందే నమ్మే చార్వాకుల పక్షం పట్టిన వెనక బెంచీవాళ్ల ప్రశ్న కూడా బలమైనదే. రేపటి పొగను ఎవరు చూశారు? నిన్నటిదాకా అలాగే జరిగిందంటే, తేల్చాల్సినదాన్నే ముందుగా ఒప్పుకున్నట్టు. స్కాట్లండ్ తత్త్వవేత్త హ్యూమ్ పట్టుబట్టిందీ ఇక్కడే. న్యాయదర్శన పండితుడు ఉదయనుడి జవాబు: పొగ కావాల్సి వస్తే సందేహించేవాడూ నిప్పే వెతుక్కుంటాడు, తన నడతే తన సందేహానికి హద్దు. దీంతో వ్యాప్తి రుజువైపోదని నా అభిప్రాయం. సందేహం ఎక్కడ ఆగాలో మాత్రం తెలుస్తుంది, తర్కానికి అది చిన్న పనేం కాదు.

మనలో కొందరు తీర్పులు రాస్తున్నారు. నా బల్ల మీదికి మందుల పరీక్షల నివేదికలు వస్తాయి. "మందు వాడినవాళ్లు కోలుకున్నారు" అని ఉంటే, వాడనివాళ్ల సంగతి చూస్తాను. కోలుకున్నవాళ్లంతా చిన్న వయసువాళ్లేనా, మందు తీసుకున్నవాళ్లలో పెద్దవాళ్లూ ఉన్నారా అని చూస్తాను. అనుమానం తగిలితే మార్జిన్‌లో పెన్సిల్‌తో "తడి కట్టె?" అని రాస్తాను. మా జూనియర్లు అర్థం అడగడం మానేసి చాలా కాలమైంది; ఇప్పుడు వాళ్లూ అలాగే రాస్తున్నారు.